ఎలా తెలిసింది?

కిందటేడు వానాకాలంలో ఒక సాయంత్రం మా వీధి చివర ఉండే ఒకాయన మా ఇంటికి వచ్చారు. నేను ఒక వైద్య కళాశాల లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యానని ఆయనకు తెలుసు. కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. కాసేపు వాన గురించి మాట్లాడారు. ఆ తరవాత గొంతు తగ్గించి, "మాస్టారూ, గంజాయి గురించి నిజం రాసిన పుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగారు.

మంచి పుస్తకం అనలేదు, వినండి. నిజం రాసిన పుస్తకం అన్నారు.

సంగతేమిటంటే, ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్లబ్బాయి బ్యాగులో చిన్న పొట్లం ఒకటి కనబడింది. తండ్రి ప్రాణం గిలగిల్లాడిపోయింది. ఎవరో ఫోన్‌లో పంపిన వీడియో కొడుక్కి చూపించారు. గంజాయి ఒక్కసారి పీలిస్తే చాలు, పిచ్చెక్కుతుందని, నెల తిరక్కుండా మనిషి పోతాడని అందులో చెప్పారు. కుర్రాడు అంతా చూశాడు. చూసి నవ్వాడు. "నాన్నా, మా హాస్టల్లో రెండేళ్లుగా తాగేవాళ్లున్నారు. ఎవరికీ పిచ్చెక్కలేదు. ఎవరూ చచ్చిపోలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి తండ్రి ఏం చెప్పినా చెవిన పెట్టడం లేదు. ఒక అబద్ధం దొరికిపోయింది కదా. ఇక ఆయన నోట వచ్చే నిజాలకు కూడా విలువ లేకుండా పోయింది.

ఆ తండ్రి భయం అబద్ధం కాదు. గంజాయి చదువుకునే వయసు పిల్లలకు కీడు చేస్తుంది. ఆ మాట చెప్పడానికి ఆయన పట్టుకెళ్లిన సాక్ష్యం అబద్ధం. తప్పుడు సాక్షిని బోనెక్కిస్తే న్యాయమైన కేసు కూడా ఓడిపోతుంది.

మత్తుమందుల గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుంది? ఇవాళ ఆ విషయం మాట్లాడదామని వచ్చాను. మీరు పరిశోధన చేసే విద్యార్థులు కావచ్చు, పత్రికలో రాసేవాళ్లు కావచ్చు, ఆయనలాగా ఇంట్లో పిల్లవాడి గురించి నిద్ర పట్టని తల్లో తండ్రో కావచ్చు. ఎవరికైనా నేను చెప్పేది ఒక్క ప్రశ్న. ఏ మాట విన్నా, ఏ అంకె చదివినా, ఆ మాట అన్నవాళ్లకు అది ఎలా తెలిసింది అని అడగండి. మళ్లీ చెబుతున్నాను. ఎవరన్నారు అన్నది సగం ప్రశ్న. ఎలా తెలిసింది అన్నది రెండో సగం. మనం ఎప్పుడూ వదిలేసేది ఆ రెండో సగమే.

ఈ ప్రశ్నను మన దేశంలోనే, గంజాయి విషయంలోనే, నూట ముప్పై ఏళ్ల కిందట పట్టుదలగా అడిగినవాళ్లున్నారు. ఆ కథ కొంచెం తీరిగ్గా చెబుతాను.

అది 1893. ఆ రోజుల్లో గంజాయి దుకాణాలకు సర్కారే లైసెన్సులిచ్చేది, సుంకం వసూలు చేసుకునేది. భారతదేశంలో గంజాయి వల్ల జనం పిచ్చివాళ్లయిపోతున్నారని, పిచ్చాసుపత్రులు వాళ్లతో నిండిపోతున్నాయని లండన్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. పిచ్చాసుపత్రి అన్నది ఈ రోజు మనం అనకూడని మాట. ఆనాటి కాగితాల్లో ఉన్న మాట కాబట్టి అంటున్నాను, మన్నించండి. ప్రశ్న లేచాక సర్కారు ఏడుగురితో ఒక కమిషన్ వేసింది. అందులో ముగ్గురు భారతీయులు. వాళ్లు దాదాపు ఏడాది పాటు దేశమంతా తిరిగారు. 1,193 మంది సాక్షులను విచారించారు. డాక్టర్లు, కలెక్టర్లు, మిషనరీలు, వ్యాపారులు, రకరకాల మనుషులు.

సాక్షుల్లో చాలామంది ఒకే మాట చెప్పారు. గంజాయి తాగితే పిచ్చెక్కుతుంది, ఆసుపత్రి లెక్కలే రుజువు అన్నారు. లెక్కలు నిజంగానే ఉన్నాయి. ప్రతి ఆసుపత్రిలో ఒక రిజిస్టరు. రిజిస్టరులో ఒక గడి. జబ్బుకు కారణం అన్నది ఆ గడి పేరు. చాలా పేర్లకు ఎదురుగా ఆ గడిలో గంజాయి అని ఉంది. ఏటా ఆ గడులు కూడి, పై ఆఫీసుకు పంపి, అచ్చు వేసేవాళ్లు. అచ్చులో వచ్చింది కాబట్టి అందరూ నమ్మారు. డాక్టర్లు సైతం నమ్మారు.

కమిషన్ వాళ్లు ఏం చేశారంటే, ఆ గడి నింపింది ఎవరు అని అడిగారు. నింపినవాళ్లకు ఎలా తెలిసింది అని అడిగారు.

అడిగేసరికి అసలు సంగతి బయటపడింది. వీధిలో తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే దిక్కులేని మనిషిని పోలీసులు పట్టుకొచ్చేవారు. అతని ఊరు తెలియదు, అయినవాళ్లెవరో తెలియదు. కారణం అన్న చోట ఏదో ఒకటి రాయాలి. మనిషి చూస్తే బైరాగిలా ఉన్నాడు, గంజాయి అని రాసేద్దాం. ఆ కాగితం మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లేది. అక్కణ్ణుంచి ఆసుపత్రికి వచ్చేది. ఆసుపత్రిలో దాన్ని చూసి రిజిస్టరులో ఎక్కించేవారు. అంటే, వైద్యుడు నిర్ధారించాడని లోకం అనుకున్నది చాలాసార్లు ఒక పోలీసు ఊహ. చేతులు మారిన కొద్దీ ఆ ఊహకు గౌరవం పెరిగింది. చివరకు అచ్చులో శాస్త్రమై కూర్చుంది.

కమిషన్ వాళ్లు 1892లో చేరిన రోగుల కాగితాలు ఒక్కొక్కటీ తిరగదోడారు. బంధువులను కనుక్కున్నారు, ఊళ్లలో వాకబు చేయించారు. అంకెలు ఎక్కువ చెప్పను, ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ ఏడాది దేశంలోని ఆ ఆసుపత్రులన్నిటిలో చేరినవాళ్లు 1,344 మంది. గంజాయి, భంగు, చరస్ వంటివి కారణం కావచ్చునని చెప్పగలిగినవాళ్లు 98 మంది తేలారు. 1,344 మందిలో 98 మంది. వేరే ఏ కారణమూ కనిపించనివాళ్లు అందులో 61 మందే. రిజిస్టర్లలోని గంజాయి గడుల్లో చాలా వాటికి ఆధారం దొరకలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ కథను గంజాయి మంచిదే అని చెప్పడానికి వాడుకునేవాళ్లు ఉన్నారు. కమిషన్ ఆ మాట అనలేదు. మితంగా వాడితే చాలామందిలో చెప్పుకోదగ్గ కీడు కనిపించలేదంది. మితిమీరి వాడితే హాని ఉందని, మతి చెదిరే ప్రమాదం కూడా ఉందని అంది. పైగా ఆ కమిషన్ వేసింది గంజాయి మీద సుంకం తింటున్న సర్కారు. ఆ సంగతీ పక్కన రాసుకోవాలి. ఆ 98 మందీ కూడా మనుషులే కదా. వాళ్లను మరిచిపోయి మిగతా లెక్క చెప్పడం కూడా ఒక రకం అబద్ధమే.

ఆ తరవాత లోకం ఆగిపోలేదు. 1987లో స్వీడన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. సైన్యంలో చేరే వయసు కుర్రవాళ్లను 45 వేల మందికి పైగా తీసుకున్నారు. గంజాయి అలవాటు ఉందా, ఎన్నిసార్లు తాగారు అని ముందే అడిగి రాసిపెట్టుకున్నారు. తరవాత 15 ఏళ్ల పాటు వాళ్ల ఆరోగ్యం రికార్డులు చూశారు. బాగా ఎక్కువగా, అంటే 50 సార్లు దాటి తాగినవాళ్లలో స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి, అసలు తాగనివాళ్లతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు కనిపించింది. తేడా గమనించారా? అక్కడ జబ్బు వచ్చాక కారణం ఊహించి గడి నింపారు. ఇక్కడ ముందే అలవాటు రాసుకుని, ఏళ్ల తరబడి కాచుకుని చూశారు. అందుకే 1892 గడి కన్నా ఈ మాటకు బరువెక్కువ. ఇది కూడా చివరి మాట కాదు. ఆ కుర్రవాళ్లకు ముందు నుంచే మనసులో ఇబ్బంది ఉండి, అందుకే గంజాయి వైపు వెళ్లారా అన్న ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్న మీద తరవాత ఎంతో పని జరిగింది, ఇంకా జరుగుతోంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం.

2024 మార్చి. విశాఖపట్నం రేవు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్రెజిల్ దేశంలో శాంటోస్ రేవు నుంచి ఒక కంటైనర్ వచ్చింది. అందులో ఎండబెట్టిన ఈస్ట్ పొడి. ఒక్కోటి 25 కిలోల చొప్పున 1,000 సంచులు. అంటే 25 వేల కిలోలు. ఇంటర్‌పోల్ ద్వారా కబురందిందని సీబీఐ వాళ్లు వచ్చి తెరిపించారు. అక్కడికక్కడ చేసే కిట్ పరీక్షలో మత్తుమందు ఉండొచ్చని సూచన వచ్చింది. అప్పుడే ఎన్నికల వేడి. వార్త బయటికి రాగానే 25 వేల కిలోల కొకైన్ అంటూ టీవీలు మోగిపోయాయి. పార్టీలు ఒకరినొకరు వేలెత్తి చూపుకున్నాయి. మా వీధి టీకొట్టు దగ్గర కూడా అదే మాట.

ఆ రోజు ఎవరైనా ఎలా తెలిసింది అని అడిగి ఉంటే? పోనీ, లెక్క చూసుకుని ఉంటే? ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం ఏటా ఒక ప్రపంచ నివేదిక ఇస్తుంది. దాని ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి తయారైన కొకైన్ సుమారు 2,757 టన్నులు. మన కంటైనర్లో ఉన్నది 25 టన్నుల పొడి. అంతా కొకైనే అయితే, ప్రపంచం ఏడాదంతా చేసిన సరుకులో నూటికి దాదాపు ఒక వంతు ఒకే పెట్టెలో ఎక్కి మన రేవుకు వచ్చినట్టు. ఈ ఒక్క లెక్కతో శీర్షిక పెట్టే చెయ్యి కాసేపు ఆగేది.

కిట్ పరీక్ష అంటే ఏమిటో కూడా చెప్పాలి. అందులో రసాయనం చుక్క వేస్తే రంగు మారుతుంది. రంగు మారితే అనుమానం అని అర్థం. అంతే. మరికొన్ని మామూలు పదార్థాలకు కూడా ఆ రంగు రావచ్చు. అనుమానం వచ్చాక నమూనా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లాలి. తేల్చి చెప్పేది ల్యాబ్. విశాఖ సరుకు నమూనాలూ ల్యాబ్‌కు వెళ్లాయి. ఆ పరీక్షల్లో మత్తుమందు లేదని తేలిందన్న వార్త ఆ ఏడాది చివర్లో వచ్చింది. మొదటి వార్త ఇంటింటికీ చేరింది. రెండోది ఎంతమందికి చేరింది? ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో కొందరు ఇప్పుడే మొదటిసారి వింటూ ఉండవచ్చు.

పట్టుకున్న రోజు వార్త వేరు, ల్యాబ్ రిపోర్టు వేరు, కోర్టు తీర్పు వేరు. ఎఫ్ఐఆర్‌లో రాసింది ఆరోపణ. తీర్పులో రాసింది విచారణ జరిగాక తేలినది. మత్తుమందుల మీద రాయదలచుకున్న పిల్లలకు నేను లైబ్రరీలో ఎప్పుడూ చెప్పేవాణ్ణి. అమ్మా, నాయనా, ఒక కేసు గురించి రాస్తే చివరి కాగితం దాకా వెళ్లండి. ఈ-కోర్టుల సైట్‌లో తీర్పులు ఉచితంగానే దొరుకుతాయి. ఓపిక ఒక్కటే ఖర్చు.

మరి శాస్త్రవేత్తలు చెబితే నమ్మేయవచ్చా అంటారా? ఒక చిన్న కథ చెబుతాను. 2002లో అమెరికాలో పేరున్న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎక్స్‌టసీ అనే మత్తుమందును కోతులకు, బబూన్లకు ఎక్కించి చూశారు. మెదడు ఘోరంగా దెబ్బతిన్నది. పది జంతువుల్లో రెండు చచ్చిపోయాయి. సైన్స్ అనే గొప్ప పత్రికలో అది అచ్చయింది. ప్రపంచమంతా వార్త. ఏడాది తిరిగాక అదే పరిశోధకులు ఆ వ్యాసాన్ని వెనక్కు తీసుకున్నారు. మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఎందుకు రాలేదని వెతికితే, సీసా మీది లేబుల్ తప్పని తేలింది. వాళ్లు ఎక్స్‌టసీ అనుకుని ఎక్కించింది మెథాంఫెటమిన్ అనే వేరే మందు!

ఈ కథ విని సైన్స్ మీద నమ్మకం పోగొట్టుకోకండి. నాకైతే నమ్మకం పెరిగింది. తప్పు చేసినవాళ్లే వెతికి, తప్పని ఒప్పుకుని, అచ్చేసిన చోటే ఆ మాట అచ్చేశారు. ఫోన్‌లో వచ్చే వీడియో ఏదైనా ఎప్పుడైనా అలా ఒప్పుకుందా? అందుకని, ఏదైనా పరిశోధన ఉదహరించే ముందు దాన్ని తరవాత వెనక్కు తీసుకున్నారేమో చూడండి. పబ్‌మెడ్ అని వైద్య వ్యాసాల పెద్ద సూచిక ఉంది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడుపుతుంది. ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. వెనక్కు తీసుకున్న వ్యాసానికి అక్కడ ఆ గుర్తు ఉంటుంది.

నా మనసును ఎక్కువగా కలచివేసేది మాత్రం ఒక ఉత్తరం కథ. ఐదే ఐదు వాక్యాల ఉత్తరం.

1980 జనవరిలో బోస్టన్ నుంచి ఇద్దరు పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు ఆ ఉత్తరం రాశారు. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు చూశామని, నల్లమందు జాతి నొప్పి మందులు పొందిన 11,882 మందిలో కొత్తగా వ్యసనంలో పడినట్టు రాసినవి నాలుగు కేసులే కనిపించాయని దాని సారాంశం. ఆసుపత్రి మంచం మీద, నర్సు చేతి మీదుగా మందు తీసుకున్నవాళ్లు వాళ్లు. ఇంటికి వెళ్లాక ఏమయ్యారో ఆ ఉత్తరంలో లేదు. నెలల తరబడి ఇంట్లో వాడితే ఏమవుతుందో లేదు. ఉత్తరం రాసినవాళ్లు ఉందని చెప్పనూ లేదు.

ఆ ఉత్తరాన్ని ఒకరు ఉదహరించారు. ఆయన్ను చూసి ఇంకొకరు. అసలు ఉత్తరం తీసి చదివినవాళ్లు ఎందరో దేవుడికి తెలియాలి. ఆసుపత్రిలో అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. నొప్పి మందులకు వ్యసనం అరుదు అన్న ముక్క మిగిలింది. మందులు అమ్ముకునేవాళ్లకు ఆ ముక్క వరమైంది. అమెరికాలో ఆ మాత్రలు ఊరూరా పారాయి. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనకు తెలుసు. అమెరికాలో మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్లనడిగినా చెబుతారు. 2017లో కెనడా పరిశోధకులు కూర్చుని లెక్కపెట్టారు. ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉదహరించారు. అందులో పదింట ఎనిమిది చోట్ల, ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న మాటే లేదు. పదింట ఎనిమిది! ఇవాళ ఆ పత్రిక సైట్‌లో ఆ ఉత్తరం తెరిస్తే దాని మీద ఒక హెచ్చరిక కనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. దయచేసి అసలు కాగితం తీసి చదవండి. ఎంత గొప్పవాళ్లు ఉదహరించినా సరే, అసలు కాగితం తీయండి. ఐదు వాక్యాలు చదవడానికి ఒక్క నిమిషం పట్టదు. ఆ నిమిషం వెచ్చించనందుకు జరిగిన నష్టం పూడ్చలేనిది.

నా ఉద్యోగం చివరి రోజుల్లో పాడేరు వైపు నుంచి ఒక అమ్మాయి మా లైబ్రరీకి వచ్చేది. యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ. ఏజెన్సీలో గంజాయి మీద పరిశోధన. ఒక రోజు గ్రాఫు గీసి తెచ్చింది. పోలీసులు పట్టుకున్న సరుకు ఏటేటా పెరుగుతోంది కాబట్టి సాగు, వాడకం పెరుగుతున్నాయని కింద రాసింది. "ఎలా తెలిసిందమ్మా?" అన్నాను. "అంకెలు ఉన్నాయి కదా సార్" అంది. "సరుకు బాగా పెరిగిన ఏడాది మీ దారిలో చెక్‌పోస్టులు ఎన్ని?" అన్నాను. కాసేపు ఆలోచించింది. "అంతకు ముందు ఒకటే ఉండేది సార్, ఆ ఏడాదే మరికొన్ని పెట్టారు" అంది. గ్రాఫు మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

వలలు ఎక్కువ వేస్తే చేపలు ఎక్కువ పడతాయి. అంతమాత్రాన సముద్రంలో చేపలు పెరిగాయని కాదు, తగ్గాయని కూడా కాదు. పోలీసు లెక్క అబద్ధమని నేను అనడం లేదు. అది నిజమే. పోలీసులు ఏం పట్టుకున్నారో చెప్పే నిజం. జనం ఎంత వాడుతున్నారో అది చెప్పలేదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయి కుప్పపోసి తగలబెట్టారు. పొగ ఫొటోలు దేశమంతా చూసింది. అది ఒక్క రోజున పట్టుకున్న సరుకు కాదు. ఎన్నో కేసుల్లో పట్టుకుని నిల్వ ఉంచినది. అలాగే విలువ ఇన్ని కోట్లు అని వింటాం. ఏ ఊరి ధర? కొండ మీద రైతు చేతికొచ్చే ధరా, బెంగళూరు గల్లీలో పొట్లం ధరా? అడగకపోతే ఆ కోట్లకు అర్థం లేదు.

మరి జనం ఎంత వాడుతున్నారో ఎవరికి తెలుస్తుంది? ఇంటింటికీ వెళ్లి అడిగినవాళ్లకు కొంత తెలుస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం అలాంటి పెద్ద సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చారు. 2 లక్షల ఇళ్లు తిరిగారు. ఇంటి గుమ్మంలో నిలబడి మీ అబ్బాయి హెరాయిన్ తీసుకుంటాడా అంటే ఎవరు చెబుతారు? ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అందుకని ఇంకో దారి కూడా పట్టారు. వాడే మనిషి ఒకరితో నమ్మకంగా మాట్లాడి, ఆయన ద్వారా ఆయనకు తెలిసిన ఇంకొకర్ని, ఆయన ద్వారా మరొకర్ని కలుస్తూ వెళ్లారు. ఇళ్ల సర్వేకు చిక్కనివాళ్లు అలా 72 వేల మందికి పైగా దొరికారు. తమ లెక్కలో లోపం ఎక్కడ ఉండవచ్చో ముందే చెప్పి, దాన్ని పూడ్చుకునే ప్రయత్నం చేసిన నివేదిక అది. నేను ఒక నివేదికను నమ్మాలంటే ముందు చూసేది అదే. తన లోపం తాను రాసుకుందా లేదా అని.

ఆ సర్వేలో ఒక సంగతి చాలామంది దాటవేస్తారు. సారా, బ్రాందీ వంటి మద్యం తాగేవాళ్లు నూటికి 14 మందికి పైగా తేలారు. గంజాయి, భంగు, చరస్ అన్నీ కలిపినా నూటికి ముగ్గురు లోపే. అందులోనూ భంగు వాటా పెద్దది. ఒకటి మాత్రం మరచిపోకండి. ఆ ఇళ్లు తిరిగింది 2018 ప్రాంతంలో. ఇవాళ్టి కాలేజీల సంగతి చెప్పడానికి ఆ అంకె పాతబడిపోయింది.

ఆసుపత్రి వార్డుకు మాత్రమే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. తెలంగాణ శ్రోతలకు 2015 సెప్టెంబరు గుర్తుండాలి. కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. మత్తు కలిపిన కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ తరవాత నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి జనం ఆసుపత్రులకు పోటెత్తారు. వణుకు, మూర్ఛలు, ఏదేదో మాట్లాడటం. ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. రోజూ కల్లే కదా అనుకుని తాగిన కూలివాళ్లు, తమకు తెలియకుండానే ఆ మందులకు బానిసలయ్యారు. ఎంత మంది బానిసలయ్యారో ఏ దాడి లెక్కలోనూ లేదు. వార్డులో నేల మీద పడుకోబెట్టిన మనుషులను చూసిన డాక్టరుకు, నర్సుకు తెలిసింది. పరిశోధన చేసే పిల్లలు పెద్ద ప్రొఫెసర్లను మాత్రమే కాదు, అలాంటి నర్సులను కూడా వెళ్లి కలవాలి.

వాడినవాళ్ల మాట సంగతేమిటి? ఇంటర్నెట్‌లో తమ అనుభవాలు రాసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను తీసిపారెయ్యకండి. ఒంట్లో ఏమైంది, మనసులో ఏమైంది, మానాలంటే ఎంత నరకం, అవి వాళ్లకే తెలుసు. పొట్లంలో అసలు ఏముందో మాత్రం వాళ్లకు తెలియదు. అమ్మినవాడు చెప్పిన పేరే వాళ్లు రాస్తారు. సీసా మీది లేబుల్ చూసి పెద్ద ల్యాబే మోసపోయిందని ఇందాకే చెప్పుకున్నాం. చీకట్లో చేతులు మారే పొట్లానికి ఆ లేబుల్ కూడా ఉండదు.

చట్టం గురించి ఒక్క మాట. అది మాత్రం పుకారు మీద ఆధారపడవలసిన విషయమే కాదు. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. తరవాత కొన్నిసార్లు సవరించారు. సవరణలతో సహా మొత్తం పాఠం ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంది. గంజాయి అంటే ఏమిటో అందులో నిర్వచనం ఉంది. మొక్క పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. కొసలు లేకుండా ఆకులు, గింజలు మాత్రమే అయితే ఆ నిర్వచనంలోకి రావు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు కనిపిస్తాయి. అదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. తల్లిదండ్రులు వినాలని కొంచెం మెల్లగా చెబుతున్నాను. వ్యసనంలో పడిన మనిషి మీద వాడకం గురించో, చిన్న పరిమాణం గురించో కేసు ఉన్నప్పుడు, తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోగాని చికిత్సకు చేరి, పూర్తిగా చేయించుకుంటే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. సెక్షన్ 64ఏ. పిల్లవాడికి చికిత్స చేయిస్తే జైల్లో వేస్తారని భయపడి గదిలో పెట్టి తాళం వేసిన తల్లిని నేను చూశాను. ఆమెకు ఈ నాలుగు వాక్యాలు ఎవరూ చెప్పలేదు.

నమ్మదగిన చోట్లు ఏవని మళ్లీ అడిగితే, చట్టానికి చట్టం పాఠమే. కేసుకు తీర్పు. సరుకులో ఏముందో ల్యాబ్. ఎంతమంది వాడుతున్నారో సర్వే. ఒంటికి ఏమవుతుందో ఏళ్ల తరబడి మనుషులను గమనించిన అధ్యయనం. ప్రతి చోటికీ తనకు తెలిసినది ఒకటి ఉంది, తెలియనిది ఒకటి ఉంది. పోలీసును వాడకం గురించి, డాక్టరును చట్టం గురించి, కంపెనీని హాని గురించి అడిగి బోల్తా పడుతున్నాం. డబ్బు ఎవరిదో కూడా చూడండి. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ కరపత్రమైనా, గంజాయిని మందుగా అమ్మజూపే కంపెనీ కరపత్రమైనా సరే, కింద చిన్న అక్షరాలు చదవండి.

మా వీధి చివర తండ్రి సంగతి చెప్పలేదు కదూ. ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర ఒక్క పుస్తకం లేదు. ఒక తెల్లకాగితం మీద తెలుగులో కొన్ని వాక్యాలు రాసి ఇచ్చాను. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. జ్ఞాపకం, చదువు మీద దెబ్బ పడుతుంది. కొందరికి అలవాటు వదలదు. కొందరికి మతి చెదిరే జబ్బు వస్తుంది, ముఖ్యంగా కుటుంబంలో ఆ జబ్బు ఉంటే. అందరికీ రాదు. ప్రతి వాక్యం పక్కన అది ఎలా తెలిసిందో రాశాను. ఆ వీడియోలో చెప్పినట్టు నెలలో చావడం అన్నది అబద్ధమని కూడా రాశాను. ఆ చివరి వాక్యం చూసి ఆయన కాసేపు జంకారు. "ఇది కూడా చూపించాలా మాస్టారూ?" అన్నారు. చూపించమన్నాను.

తరవాతి ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. ఆ కుర్రాడే. చేతిలో నా కాగితం. "అంకుల్, ఈ స్వీడన్ వాళ్లది నిజంగా ఉందా? చూపిస్తారా?" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాం. వ్యాసం సారాంశం చదివాడు. "వాళ్లకు ముందే ఏదో ప్రాబ్లమ్ ఉండి తాగారేమో కదా" అన్నాడు. ఇందాక నేను చెప్పానే, ఆ ప్రశ్న. ఎవరూ నేర్పకుండానే అడిగాడు. దాని మీద వచ్చిన తరవాతి వ్యాసాలు వెతుకుతూ కూర్చుంటే మధ్యాహ్నం అయింది. మా ఆవిడ ఇద్దరికీ అన్నం పెట్టింది. తింటూ తింటూ, తలెత్తకుండా, "మా తాతయ్యకు ఆ జబ్బు ఉండేదట అంకుల్" అన్నాడు. అతను మానేశాడా లేదా అని నేను అడగలేదు. ఇప్పటికీ వస్తుంటాడు.

వినేవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి బాధ ఉంటే, ఒక నంబరు చెబుతాను, కాగితం మీద రాసుకోండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మత్తు విముక్తి సహాయ ఫోను. డబ్బులు పడవు. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. మళ్లీ చెబుతున్నాను. 14446.